జాడోవిల్ ముట్టడి, కమాండెంట్ పాట్ క్విన్లాన్: పతకాల లెక్క, నీళ్ల లెక్క

ప్రశ్న క్లుప్తంగా: 1961 సెప్టెంబర్‌లో కాంగోలో జరిగిన జాడోవిల్ ముట్టడి మీద వచ్చిన సినిమా చూశాను. ఎన్నో శౌర్య పతకాలు పొందిన ఐరిష్ శాంతి పరిరక్షక అధికారి కమాండెంట్ పాట్ క్విన్లాన్ నిజంగా అంత సమర్థుడా? 155 మందితో వేలమందిని ఐదు రోజులు ఆపినవాడు చివరికి ఎందుకు లొంగిపోయాడు? తర్వాత ఆయన ఏమయ్యాడు? ఇందులో మన సైన్యం పాత్ర ఏమైనా ఉందా?

ముందు పతకాల సంగతి తేల్చేద్దాం, మీరు రాసిన దాంట్లో ఒక తప్పు దొర్లింది. క్విన్లాన్ 1997లో చనిపోయాడు. అప్పటికి జాడోవిల్ పోరాటానికి ఆయనకు గానీ, ఆయన కింద పోరాడిన ఏ ఒక్కరికి గానీ శౌర్య పతకం ఇవ్వలేదు. తన కంపెనీ నుంచి 33 మందిని శౌర్య పతకానికి ఆయన స్వయంగా సిఫార్సు చేస్తే, ఒక్కటీ ఒప్పుకోలేదు. ఇప్పుడు మీకు నెట్‌లో కనిపించే ఫలకాలు, ప్రశంసాపత్రాలు, ప్రత్యేక పతకం అన్నీ 2005 నుంచి వచ్చినవే. అందుకే ఆయన్ని పతకాలతో అంచనా వేస్తే ఏమీ తెలియదు. తూటా పేలకముందు పది రోజుల్లో ఆయన చేసిన పనులు, ఐదో రోజున తీసుకున్న నిర్ణయం, ఈ రెండూ చూస్తే మనిషి తెలుస్తాడు.

హోదా గురించి ఒక మాట. ఐరిష్ సైన్యంలో కమాండెంట్ అంటే మన ఆర్మీలో మేజర్‌తో సమానం. మన సీఆర్‌పీఎఫ్‌లో కమాండెంట్ అంటే బెటాలియన్ మొత్తానికి అధిపతి కాబట్టి చాలామంది ఇక్కడ పొరబడతారు. క్విన్లాన్ చేతిలో ఉన్నది బెటాలియన్ కాదు, ఒక్క కంపెనీ. 35వ ఇన్‌ఫాంట్రీ బెటాలియన్‌లోని ఎ కంపెనీ. సంఖ్య 155 అని ఎక్కువచోట్ల ఉంటుంది. 156, 157, 158 అని కూడా కనిపిస్తుంది. ఆయన కెర్రీ కౌంటీ మనిషి, అప్పటికి వయసు నలభై దాటింది. కంపెనీలో ఎక్కువమంది ఐర్లాండ్ మధ్యప్రాంతంలోని ఆథ్లోన్ చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్లు. కొందరికి ఇరవై ఏళ్లు కూడా లేవు. ఇంకో విషయం గమనించాలి. కాంగోకు వెళ్లిన ఐరిష్ బెటాలియన్లు ఏళ్ల తరబడి కలిసి ఉన్న దళాలు కావు. దేశంలోని వేర్వేరు యూనిట్ల నుంచి ముందుకొచ్చిన వాలంటీర్లను కలిపి, ఆరు నెలల కోసం కట్టినవి. వాళ్లలో చాలామంది అంతకుముందు యుద్ధం చూడలేదు. 1960 జూలైలో మొదటి బెటాలియన్ కాంగోకు బయల్దేరినప్పుడు ఉన్ని యూనిఫాం, పాత 303 రైఫిళ్లతోనే వెళ్లింది. భూమధ్యరేఖ దగ్గర ఉన్ని బట్టలు!

కాంగో నేపథ్యం అవసరమైనంతే చెబుతాను. బెల్జియం నుంచి 1960 జూన్ 30న స్వాతంత్ర్యం వచ్చింది. పదకొండు రోజులకే, జూలై 11న, ఖనిజాలు దండిగా ఉన్న కటంగా రాష్ట్రాన్ని అక్కడి నాయకుడు మోయిజ్ చోంబే విడి దేశంగా ప్రకటించుకున్నాడు. ఆయన వెనుక యూనియన్ మినియేర్ అనే గనుల కంపెనీ డబ్బు, బెల్జియన్ అధికారులు, తర్వాత ఫ్రెంచ్, రొడీషియా కిరాయి సైనికులు ఉన్నారు. అణుబాంబుకు యురేనియం ఇచ్చిన షింకొలోబ్వే గని జాడోవిల్‌కు దగ్గర్లోనే ఉంది. అక్కడ ఎవరి ప్రయోజనాలు ఎంత లోతుగా ఉన్నాయో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు. 1961 ఫిబ్రవరి 21న భద్రతామండలి 161వ తీర్మానంతో, అంతర్యుద్ధం ఆపడానికి చివరి మార్గంగా బలప్రయోగం చేయవచ్చని ఐరాస దళానికి అనుమతి ఇచ్చింది. ఆగస్టు 28న ఐరాస దళాలు కటంగాలోని విదేశీ సైనికాధికారులను పట్టుకుని పంపించే ఆపరేషన్ మొదలుపెట్టాయి. కానీ పని సగంలో ఆగిపోయింది. మిగిలిన కిరాయి సైనికులు తప్పించుకున్నారు, పైగా కసితో ఉన్నారు.

సరిగ్గా ఆ సమయంలో క్విన్లాన్ కంపెనీని జాడోవిల్ పంపారు. అక్కడి యూరోపియన్ కుటుంబాలకు ప్రాణభయం ఉందని, కాపాడాలని బెల్జియం విదేశాంగ మంత్రి పాల్ ఆన్రీ స్పాక్ ఐరాసను కోరాడు. సెప్టెంబర్ 3న కంపెనీ చేరుకుంది. తీరా చూస్తే రక్షణ కోరుకునే జనమే లేరు. అక్కడి తెల్లవాళ్లకు, స్థానికులకు కూడా ఐరాస అంటే పడదు. దుకాణాల్లో సరుకు అమ్మడానికే ఇష్టపడలేదు. అంతకు కొద్దిరోజుల ముందే మరో ఐరిష్ కంపెనీ, ఒక స్వీడిష్ కంపెనీ ఆ ఊరు ఖాళీ చేసి వెనక్కి వచ్చాయి. రెండు కంపెనీలు నిలవడం కష్టమనుకున్న చోటికి ఒకే కంపెనీని పంపడం, అది కూడా ప్రధాన స్థావరం ఎలిజబెత్‌విల్‌కు సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, మధ్యలో లుఫీరా నది వంతెన ఒక్కటే దారిగా ఉన్నప్పుడు! ఇది క్విన్లాన్ చేసిన తప్పు కాదు, పై వాళ్ల తప్పు. ఆ తర్వాత జరిగినదంతా ఈ ఒక్క నిర్ణయం ఫలితమే అని నా అభిప్రాయం.

అక్కడ చిక్కుకున్నామని క్విన్లాన్‌కు త్వరగానే అర్థమైంది. ఊరి బయట, ఎలిజబెత్‌విల్ రోడ్డుకు అటూ ఇటూ ఉన్న కొన్ని విల్లాలు, ఒక పెట్రోల్ గ్యారేజీ, ఇదీ వాళ్ల మకాం. చుట్టూ పొదలు, నిలువెత్తు గడ్డి, చెదపుట్టలు. సెప్టెంబర్ అంటే కటంగాలో వానలు మొదలుకాకముందు కాలం, నేల గట్టిగా ఉంటుంది. ఆ నేలలో ఐదడుగుల లోతు కందకాలు తవ్వించాడు. శాంతి పరిరక్షణకు వచ్చిన సైనికులకు ఈ తవ్వకం ఎందుకో ఆ రోజు అర్థం కాకపోవచ్చు, కానీ ఐదడుగులన్న లెక్కకు అర్థం ఉంది. అంత లోతులో సగటు మనిషి నిలబడితే తల, భుజాలు మాత్రమే పైకి ఉంటాయి, రైఫిల్‌ను అంచు మీద ఆనించి కాల్చవచ్చు. కూర్చుంటే మొత్తం నేలమట్టం కిందకి వెళ్లిపోతాడు. మోర్టార్ గుండు నేల మీద పేలినప్పుడు ముక్కలు పైకి, పక్కలకు చిమ్ముతాయి. సరిగ్గా కందకంలోనే పడితే తప్ప లోపలున్నవాడికి పెద్దగా ఏమీ కాదు. విల్లా గోడల మాటున ఉంటే లెక్క తారుమారవుతుంది. ఫీల్డ్ గన్ గుండు ఒక్కటి తగిలితే ఆ గోడ ఇటుకలే లోపలివాళ్ల మీద పడతాయి. ఇళ్లు చూడటానికి భద్రంగా కనిపిస్తాయి కాబట్టి అనుభవం లేని దళాలు అందులోనే దూరతాయి. క్విన్లాన్ తన మనుషులను మట్టిలోకి దింపాడు. ఐదు రోజుల తర్వాత ఒక్కరూ చనిపోకుండా ఉండటానికి నేను మొదటి కారణంగా దీన్నే చెబుతాను.

రెండోది నీళ్లు. ఊరి కుళాయి నీటినే నమ్ముకున్న మకాం అది, వాల్వు తిప్పే చెయ్యి అవతలివాళ్లది. అందుకే సరఫరా ఆగకముందే దొరికిన ప్రతి పాత్రలో నీళ్లు నింపిపెట్టమన్నాడు. అనుకున్నట్టే పోరు మొదలవగానే నీళ్లూ కరెంటూ ఆపేశారు. సినిమాలో నీటి కొరత అంటే ఎండిన పెదాలే కనిపిస్తాయి, కానీ నీళ్లు తుపాకులకు కూడా కావాలి. వాళ్ల దగ్గరున్న విక్కర్స్ మెషిన్ గన్ నీటితో చల్లబడే రకం. గొట్టం చుట్టూ ఉన్న తొడుగులో సుమారు నాలుగు లీటర్ల నీళ్లు పడతాయి. ఆగకుండా కాలిస్తే కొన్ని నిమిషాల్లోనే మరుగుతాయి. ఆవిరిని రబ్బరు గొట్టంతో ఒక డబ్బాలోకి పంపి చల్లార్చి మళ్లీ పోస్తారు, అయినా కొంత పోతూనే ఉంటుంది. నీళ్లు లేకుండా కాలిస్తే గొట్టం పాడవుతుంది. అంటే ఎండలో కందకంలో ఉన్న మనిషి గొంతు, రక్షణలో అన్నిటికన్నా పెద్ద తుపాకీ, రెండూ ఒకే డబ్బా నీళ్ల కోసం పోటీ పడుతున్నాయి.

మూడోది ఆయుధాలు. ఎఫ్‌ఎన్ రైఫిళ్లు, గుస్తాఫ్ సబ్‌మెషిన్ గన్లు, బ్రెన్ గన్లు, కొన్ని విక్కర్స్‌లు, 60 మిల్లీమీటర్ల మోర్టార్లు, రెండో ప్రపంచయుద్ధ కాలం నాటి ఫోర్డ్ సాయుధ కార్లు. అంతే. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. ఎఫ్‌ఎన్‌కు 7.62 తూటా, విక్కర్స్‌కు, బ్రెన్‌కు 303, గుస్తాఫ్‌కు 9 మిల్లీమీటర్లు. ఒకరిది అయిపోతే పక్కవాడి దగ్గర అప్పు తీసుకోవడానికి లేదు. మోర్టార్ల తేడా ఇంకా ముఖ్యం. 60 మిల్లీమీటర్ల మోర్టార్ రెండు కిలోమీటర్ల లోపే కొడుతుంది. అవతలివాళ్ల 81 మిల్లీమీటర్ల మోర్టార్లు మూడు కిలోమీటర్ల దాకా వేస్తాయి, గుండు బరువూ రెట్టింపు పైనే. పైగా వాళ్లకు ఫ్రెంచ్ 75 మిల్లీమీటర్ల ఫీల్డ్ గన్ కూడా ఉంది. అలాంటప్పుడు చిన్న మోర్టార్ వాడేవాడికి ఒకటే దారి. శత్రువు దగ్గరకు వచ్చి తన మోర్టార్‌ను నిలబెట్టేదాకా ఓపిక పట్టాలి, అది ఎక్కడుందో చప్పుడును, మెరుపును బట్టి గుర్తించి తక్కువ గుండ్లతో కొట్టాలి. కెప్టెన్ లియామ్ డోనెల్లీ నడిపిన సపోర్ట్ ప్లటూన్ చేసింది అదే. శత్రువు మోర్టార్ స్థానాల్లో చాలావాటిని, ఆ ఫీల్డ్ గన్‌నూ దెబ్బతీసింది. జాడోవిల్ పోరులో సాంకేతికంగా అన్నిటికన్నా మెచ్చుకోదగ్గ పని ఇదే అనుకుంటాను. కానీ తెర మీద ఎక్కువగా కనిపించేది స్నైపర్లు.

సెప్టెంబర్ 13 తెల్లవారుజామున ఎలిజబెత్‌విల్‌లో ఐరాస దళాలు పోస్టాఫీసు, రేడియో స్టేషన్ స్వాధీనం చేసుకునే ఆపరేషన్ మొదలుపెట్టాయి. కటంగా విడిపోవడం ఇక ముగిసిందని ఐరాస ప్రతినిధి కానర్ క్రూయిజ్ ఓబ్రయన్ ప్రకటించేశాడు కూడా. ఆయనా ఐరిష్ మనిషే. కాంగోలోని ఐరాస సైన్యానికి అధిపతి లెఫ్టినెంట్ జనరల్ షాన్ మెకీన్ కూడా ఐరిషే. అంటే ఆదేశం ఇచ్చిన దౌత్యవేత్త, సైన్యాధిపతి, ఇరుక్కుపోయిన కంపెనీ, ముగ్గురూ ఒకే చిన్న దేశం వాళ్లు. తర్వాత డబ్లిన్ ఈ విషయంలో ఎందుకు అంత మౌనంగా ఉందో అర్థం కావాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. అంత పెద్ద ఆపరేషన్ మొదలవుతుంటే దూరంగా ఒంటరిగా ఉన్న కంపెనీకి తగినంత ముందస్తు హెచ్చరిక వెళ్లలేదు.

అదే ఉదయం ఏడున్నర దాటాక జాడోవిల్ మీద దాడి జరిగింది. కంపెనీలో చాలామంది ఆరుబయట ప్రార్థనలో ఉన్నారు. దాడి చేసినవాళ్లు ఆ సమయాన్ని చూసుకునే వచ్చారు. సార్జెంట్ జాన్ మోనహన్, ప్రైవేట్ బిల్లీ రెడీ వాళ్లను గమనించారు. రెడీ పేల్చిన హెచ్చరిక తూటాతో అందరూ కందకాల్లోకి దూకారు. ప్రార్థనకు వెళ్లనివాళ్లు కాపలాలో మెలకువగా ఉండటం అదృష్టం కాదు. ఎప్పుడూ అందరినీ ఒకేచోట చేర్చకూడదన్న మామూలు నియమాన్ని శాంతి రోజుల్లో కూడా పాటించడం అది.

తర్వాత ఐదు రోజులు అలలు అలలుగా దాడులు. ఒక్కో అలలో వందల మంది. అవతలివైపు మొత్తం 3,000 నుంచి 5,000 దాకా ఉన్నారని చెబుతారు: కటంగా జెండార్మరీ (చోంబే సైన్యం), స్థానిక యువకులు, వాళ్లను నడిపించే యూరోపియన్ కిరాయి అధికారులు. ఈ అంకెను గానీ, వాళ్లలో 300 మంది చనిపోయారన్న అంకెను గానీ రాతిమీద గీతలా తీసుకోవద్దు. అవి అంచనాలు, ముట్టడిలో ఉన్నవాడు శవాలు లెక్కపెట్టలేడు. ఐరిష్ వైపు లెక్క మాత్రం ఖాయం. గాయపడినవాళ్లు ఐదుగురు, చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. పోరు సాగేకొద్దీ క్విన్లాన్ ముందున్న స్థానాలను వదిలేసి వలయాన్ని చిన్నది చేసుకుంటూ వచ్చాడు. భూమిని వదులుకోవడం ఓటమిగా కనిపిస్తుంది, కానీ మనుషులు అంతే ఉన్నప్పుడు వలయం చిన్నదైతే గజానికి పడే తుపాకులు పెరుగుతాయి, ఒక మూల నుంచి ఇంకో మూలకు తూటాలు మోసే దూరం తగ్గుతుంది.

గాల్లోంచి వచ్చిన ముప్పుకు మాత్రం ఆయన దగ్గర జవాబు లేదు. కటంగా దగ్గర పనిచేసే స్థితిలో ఉన్న ఫ్రెంచ్ ఫూగా మాజిస్టర్ ఒక్కటే. నిజానికి అది శిక్షణ జెట్. రెక్కల కింద బాంబులు, ముందు మెషిన్ గన్లు పెట్టి వాడారు. ఐరాస దగ్గర అప్పటికి కటంగాలో ఒక్క యుద్ధవిమానమూ లేదు. అందుకే ఒకే ఒక్క శిక్షణ విమానం ఒక రాష్ట్రం మొత్తం మీద ఐరాస కదలికలను ఆపగలిగింది. ఇథియోపియా జెట్లు తెప్పించాలని చూస్తే, దారిలోని ప్రాంతాల మీదుగా ఎగరడానికి బ్రిటన్ అనుమతి ఆలస్యం చేసింది.

సాయానికి వచ్చిన దళం సంగతి. కమాండెంట్ జానీ కేన్ నాయకత్వంలో ఎలిజబెత్‌విల్ నుంచి రెండుసార్లు ప్రయత్నించారు. రెండోసారి ఐరిష్, స్వీడిష్ సైనికులతో పాటు మన గూర్ఖాలు కూడా ఉన్నారు. రెండుసార్లూ లుఫీరా వంతెన దగ్గరే ఆగిపోయారు. నది మీద ఒకటే దారి, అవతలి గట్టున మెషిన్ గన్లు, పైన విమానం. ఇలాంటి వంతెనను దాటాలంటే అవతలి గట్టును కొట్టే ఫిరంగులు గానీ, నదిని వేరేచోట దాటే పడవలు గానీ కావాలి. కేన్ దగ్గర రెండూ లేవు. బస్సుల్లో బయల్దేరిన దళం అది. రెండో ప్రయత్నంలో ప్రాణనష్టం కూడా జరిగింది.

గాల్లో ఒక ప్రయత్నం సఫలమైంది, సగం మాత్రమే. నార్వే పైలట్ బ్యార్నె హోవ్డెన్, స్వీడన్‌కు చెందిన ఎరిక్ టోర్స్ హెలికాప్టర్‌లో తూటాల మధ్య దిగి నీళ్లు తెచ్చారు. తీరా మూత తీస్తే ఆ డబ్బాలు అంతకుముందు పెట్రోల్ పోసినవి, నీళ్లు చాలావరకు తాగడానికి పనికిరాలేదు. రవాణా విభాగంలో ఎవరో డబ్బా కడగకపోవడం వల్ల ఇద్దరి సాహసం దాదాపు వృథా అయింది. హెలికాప్టర్ మళ్లీ లేవలేదు, ఆ ఇద్దరూ కంపెనీతో పాటే ఉండి, వాళ్లతో పాటే బందీలయ్యారు. ఇంకా రెండు పేర్లు చెప్పాలి. వైద్యాధికారి కమాండెంట్ జో క్లూన్, స్వీడిష్ దుబాసీ లెఫ్టినెంట్ లార్స్ ఫ్రోబెర్గ్. దుబాసీ లేకపోతే తర్వాత జరిగిన చర్చలే ఉండేవి కావు.

క్విన్లాన్ రేడియోలో పంపిన ఒక మాట చాలాచోట్ల చూసి ఉంటారు: చివరి తూటా దాకా నిలబడతాం, కాస్త విస్కీ ఉంటే బాగుండును. దీన్ని ధైర్యానికి గుర్తుగా చెబుతారు. నాకైతే అది పైవాళ్లకు పంపిన సరుకుల చీటీలా కనిపిస్తుంది: తూటాలు తగ్గుతున్నాయి, మాకు వచ్చిందేమీ లేదు. శత్రువులు వినకుండా ఐరిష్ సైనికులు కాంగోలో రేడియో మాటలకు గేలిక్ భాష వాడేవాళ్లు. బెల్జియన్లకు ఇంగ్లీష్ వచ్చు, గేలిక్ రాదు.

ఇక లొంగుబాటు. సినిమాలో తూటాలు అయిపోగానే చేతులెత్తినట్టు అనిపిస్తుంది. నిజంగా జరిగింది దశలవారీగా. సెప్టెంబర్ 16న కాల్పుల విరమణ కుదిరింది, అందులో నీళ్లు మళ్లీ ఇవ్వడం ఒక ముఖ్యమైన షరతు. విరమణ వల్ల శత్రువుకు తీరిక దొరికింది, మనుషులను దగ్గరకు జరుపుకున్నాడు. నీళ్ల షరతు నిలబడలేదు. 17న చోంబే ప్రభుత్వంలో హోంమంత్రి గోదెఫ్రువా మునొంగో వచ్చాడు. అప్పటికి క్విన్లాన్ ముందున్న లెక్క చూడండి: తూటాలు దాదాపు ఖాళీ. నీళ్లు లేవు, కాబట్టి విక్కర్స్‌లూ లేనట్టే. ఐదు రోజులుగా నిద్ర లేదు. సాయం రెండుసార్లు వచ్చి వెనక్కి పోయింది, మూడోసారి వస్తుందన్న సంకేతం లేదు. విమానాన్ని అడ్డుకునేది ఏదీ లేదు. ఐరాస తరఫున ఆ ఊరిని నిలబెట్టుకుంటే సాధించేది కూడా ఏమీ లేదు, కాపాడటానికి వచ్చిన జనమే వాళ్లను వద్దంటున్నారు. ఇంకో రోజు పోరాడి ఉంటే వందమంది చచ్చేవాళ్లు, ఊరు మాత్రం వాళ్ల చేతికే పోయేది. దేశ సరిహద్దు కాపాడే కంపెనీకి ఇలాంటి లెక్క వర్తించదు, అక్కడ ఒక్కోసారి చివరివాడి దాకా నిలవాల్సి వస్తుంది. శాంతి పరిరక్షక దళానికి అలాంటి బాధ్యత లేదు. అందుకే లొంగిపోయాడు. నా దృష్టిలో ఆ ఐదు రోజుల్లో కష్టమైన నిర్ణయం అదే, సరైనదీ అదే.

లొంగిపోయిన రాత్రే ఇంకో దుర్ఘటన జరిగింది. చోంబేతో కాల్పుల విరమణ మాట్లాడటానికి వెళ్తున్న ఐరాస ప్రధాన కార్యదర్శి డాగ్ హామర్‌షోల్డ్ విమానం ఉత్తర రొడీషియాలోని ఎన్‌డోలా దగ్గర కూలింది. ప్రపంచం దృష్టంతా అటు మళ్లింది. బందీలు మాత్రం చోంబే చేతిలో బేరానికి పనికొచ్చే సరుకయ్యారు. నెలకు పైగా బందిఖానాలో ఉంచి అక్టోబర్‌లో వదిలారు. విడుదలైన తర్వాత వాళ్లను వెంటనే ఇంటికి పంపలేదు. చేతికి మళ్లీ ఆయుధాలిచ్చారు. డిసెంబర్‌లో ఎలిజబెత్‌విల్‌లో పోరు మళ్లీ రాజుకున్నప్పుడు ఎ కంపెనీ అందులోనూ ఉంది. ఇది చాలామందికి తెలియదు.

ఇంటికి వచ్చాక సంగతి బాధాకరం. అంతకు సుమారు ఏడాది ముందు, 1960 నవంబర్ 8న కాంగోలోనే నియెంబా దగ్గర మెరుపుదాడిలో తొమ్మిది మంది ఐరిష్ సైనికులు చనిపోయారు. డబ్లిన్‌లో లక్షల మంది రోడ్ల మీదకు వచ్చి వాళ్లకు అంతిమ వీడ్కోలు ఇచ్చారు. ఆ దాడిలో చనిపోయిన ట్రూపర్ ఆంథొనీ బ్రౌన్‌కు ఐర్లాండ్ అత్యున్నత శౌర్య పతకం మిలిటరీ మెడల్ ఫర్ గ్యాలంట్రీ దక్కింది, ఆ పతకం అందుకున్న మొదటివాడు అతనే. జాడోవిల్ వాళ్లు బతికి వచ్చారు, అదీ లొంగిపోయి. బ్యారక్‌లలో వాళ్లను జాడోవిల్ జాక్‌లని ఎగతాళి చేశారు. సైన్యం ఆ విషయం ఎత్తడమే మానేసింది.

పతకం ఎలా వస్తుందో తెలిస్తే ఎందుకు రాలేదో తెలుస్తుంది. ఈ మెడల్ 1944లో ఏర్పాటైంది. ప్రాణాపాయం మధ్య చూపిన అసాధారణ శౌర్యం దీనికి అర్హత. పై అధికారి సిఫార్సు రాయాలి, సైనికాధికారుల బోర్డు పరిశీలించాలి, ఆ తర్వాతే మంత్రి దాకా వెళ్తుంది. దానికి కాలపరిమితి కూడా ఉంటుంది. క్విన్లాన్ సిఫార్సులను బోర్డు ఒప్పుకోలేదు, మళ్లీ పరిశీలనకు వెళ్లినా ఫలితం అదే. ఈ వ్యవస్థలో రెండు లోపాలు కనిపిస్తాయి. ఒకటి, ఒకే పోరాటంలో 33 సిఫార్సులు వస్తే శాంతికాలపు బోర్డుకు అది అతిశయోక్తిలా అనిపిస్తుంది. విడివిడిగా సాక్ష్యాలతో నిరూపించడం కందకంలో పక్కపక్కనే ఉన్నవాళ్లకు కష్టం. రెండు, క్విన్లాన్ తన కిందివాళ్ల గురించి రాశాడు సరే, క్విన్లాన్ గురించి రాయాల్సింది ఎవరు? ఆయన పైవాళ్లు. అలా రాయాలంటే ఆ కంపెనీని అక్కడికి ఎందుకు పంపారో కూడా రాయాల్సి వచ్చేది.

ఆయన ఉద్యోగం మాత్రం ఆగలేదు. పదోన్నతులు వచ్చాయి, కల్నల్‌గా రిటైరయ్యాడు. కానీ మళ్లీ ఎప్పుడూ విదేశీ విధులకు వెళ్లలేదు. బహిరంగంగా గొడవ కూడా చేయలేదు. ఆయన పోయాక పోరాటం చేసింది ఆ కంపెనీ వాళ్లే. ముట్టడి నాటికి పదిహేడేళ్ల కుర్రాడైన జాన్ గోర్మన్ వాళ్లలో ముఖ్యుడు. 2004లో రక్షణ శాఖ పునఃపరిశీలనకు ఒప్పుకుంది, కంపెనీ మీద పడ్డ మచ్చ తొలగింది. 2005లో ఆథ్లోన్‌లోని కస్ట్యూమ్ బ్యారక్స్‌లో స్మారక శిల పెట్టారు. 2016 సెప్టెంబర్ 17న, అంటే లొంగిపోయిన రోజుకు సరిగ్గా 55 ఏళ్లకు, కంపెనీ మొత్తానికి యూనిట్ సైటేషన్ (దళం మొత్తానికి ఇచ్చే ప్రశంసాపత్రం) ఇచ్చారు. 2017 డిసెంబర్ 2న జాడోవిల్ పతకం ఇచ్చారు, చనిపోయినవాళ్లకు బదులు కుటుంబసభ్యులు అందుకున్నారు. ఇవి సామూహిక గుర్తింపులని గమనించండి. ఆ 33 పేర్లలో ఎవరు ఏం చేశారన్న వ్యక్తిగత ప్రశ్న వేరు, దాన్ని చూడటానికి తర్వాత స్వతంత్ర బృందాన్ని కూడా వేయాల్సి వచ్చింది.

మన సైన్యం పాత్ర మీరు అనుకునేదానికన్నా చాలా పెద్దది. కటంగాలో ఐరాసకు అసలు బలం బ్రిగేడియర్ కె.ఎ.ఎస్. రాజా నడిపిన 99వ భారత ఇన్‌ఫాంట్రీ బ్రిగేడే. సెప్టెంబర్‌లో లేని విమానబలం అక్టోబర్‌లో మన వాయుసేన కాన్‌బెర్రా బాంబర్ విమానాలతో వచ్చింది. డిసెంబర్‌లో అవి కొల్వేజి విమానాశ్రయం మీద దాడి చేశాయి. ఫూగా బయల్దేరేది అక్కడి నుంచే. 1961 డిసెంబర్ 5న ఎలిజబెత్‌విల్‌లో రోడ్డుకు అడ్డంగా ఉన్న జెండార్మరీ స్థావరం మీద చేతిలో కొద్దిమంది గూర్ఖాలతోనే దూకి చనిపోయిన కెప్టెన్ గుర్‌బచన్ సింగ్ సలారియాకు పరమవీర చక్ర ఇచ్చారు. ఐరాస శాంతిదళంలో ఉండగా ఆ చక్రం పొందింది ఆయన ఒక్కడే. మూడు నెలల తేడాతో, అదే రాష్ట్రంలో, ఐరాస నీలం జెండా కిందే జరిగిన రెండు పోరాటాలను రెండు దేశాలు ఎంత వేరుగా చూశాయో పోల్చుకోండి.

లుఫీరా కథ కూడా మనవాళ్లే ముగించారు. 1962 డిసెంబర్ చివర్లో మొదలైన ఆఖరి ఆపరేషన్‌లో బ్రిగేడియర్ రెజినాల్డ్ నొరోన్హా దళాలు లుఫీరా దాకా వచ్చాయి. అప్పటికి వంతెనలు కూల్చేసి ఉన్నాయి. అయినా నదిని దాటి 1963 జనవరి 3న జాడోవిల్‌లోకి ప్రవేశించాయి. ముందు ఆగమన్న పైనుంచి వచ్చిన సూచన వాళ్లకు చేరేసరికి పని అయిపోయింది. అదే నెలలో చోంబే కటంగా వేర్పాటు ముగిసిందని ప్రకటించాడు.

మ్యాప్‌లో వెతకాలనుకుంటే పాత పేర్లు దొరకవు. జాడోవిల్ ఇప్పుడు లికాసి, ఎలిజబెత్‌విల్ ఇప్పుడు లుబుంబాషి, కొల్వేజి పేరు మాత్రం మారలేదు. ఎన్‌డోలా ఇప్పుడు జాంబియాలో ఉంది. లుబుంబాషి నుంచి లికాసి రోడ్డును వాయవ్యంగా పట్టుకుని వెళ్తే మధ్యలో లుఫీరా నది అడ్డుగా వస్తుంది. కేన్ దళం ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో అక్కడ చూస్తే తెలుస్తుంది.